'గాట్' రాయాలా, 'గాటెన్' రాయాలా?

పలకబలపం: మా అమ్మాయి ఎనిమిదో తరగతి. వ్యాసంలో 'ఇట్ హ్యాజ్ గాటెన్ కోల్డ్' అని రాస్తే, టీచరు ఎర్ర పెన్నుతో 'గాటెన్' కొట్టేసి 'గాట్' చేశారు. అర మార్కు పోయింది. డాలస్‌లో ఉండే మా తమ్ముడేమో, "అక్కా, ఇక్కడ అందరూ అలాగే అంటారు" అంటున్నాడు. పిల్లకి ఏది నేర్పాలి?

ఎర్రసిరా: టీచరు చేసిందే కరెక్టండీ. గెట్, గాట్, గాట్ అని మనమంతా బట్టీ పట్టిందే కదా. మనది బ్రిటిష్ పద్ధతి. గాటెన్ అనేది అమెరికా వాళ్ళు తగిలించిన తోక. రేపు పబ్లిక్ పరీక్ష పేపర్లు మీ తమ్ముడు దిద్దడు.

పాతపుస్తకం: తోక తగిలించింది అమెరికా వాళ్ళు కాదు, కోసేసుకుంది బ్రిటిష్ వాళ్ళు. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్లో, కయీను పుట్టినప్పుడు హవ్వ 'ఐ హ్యావ్ గాటెన్' అనే అంటుంది. తెలుగు బైబిల్లో అది 'సంపాదించుకొన్నాను'. లండన్‌లో ఇప్పటికీ 'ఫర్గాటెన్' అంటారుగా, మరి దాన్నీ కొట్టేస్తారా?

బేఏరియా: అసలు సంగతి ఎవరూ చెప్పట్లేదు. ఇక్కడ రెండూ వాడతారు, అర్థాలే వేరు. 'ఐ హ్యావ్ గాట్ ఎ కార్' అంటే నాకు కారు ఉంది. 'గాటెన్' అంటే ఈమధ్య కొన్నాను, లేదా దొరికింది. మనకి 'ఉంది', 'వచ్చింది' వేరు కదా, అలాగన్నమాట. కొత్తలో నాకిది తెలీదు. అమెరికా కదా అని అన్నిచోట్లా గాటెన్ వాడేసేవాణ్ణి. ఒకరోజు మీటింగ్ మధ్యలో 'ఐ హ్యావ్ గాటెన్ టు గో' అని లేచాను. మా మేనేజరు నవ్వుతూ "ఎక్కడికి?" అన్నాడు. నేను చెప్పాలనుకున్నది 'వెళ్ళాలి' అని. ఆయనకి వినపడింది 'వెళ్ళే ఛాన్సు దొరికింది' అని! 'వెళ్ళాలి'కి ఇక్కడా గాట్ మాత్రమే.

ఎర్రసిరా: ఈ తేడా నాకూ కొత్తే, ఒప్పుకుంటాను. తోక మాట వెనక్కి తీసుకుంటున్నా. అర మార్కు విషయంలో మాత్రం తగ్గను. ఎనిమిదో తరగతిలో ఇదంతా చెబితే పిల్లలు రెండూ కలిపేస్తారు.

పలకబలపం: అంటే 'చలి పెరిగింది' అనే అర్థంలో మా పిల్ల రాసింది డాలస్ లెక్కన ఒప్పే. సరే, బడిలో గాట్, మావయ్యతో గాటెన్ అని చెప్పాను. "మరి ఫర్గాటెన్ సంగతి టీచర్ని అడగనా?" అంటోంది. పరీక్షలయ్యాక అడగమన్నాను.