జీతం 12.75 లక్షలు, పైన డ్రాయింగ్‌ల మీద 4 లక్షలు: టీడీఎస్ పోయాక ఇంకా పన్ను ఉంటుందా?

ప్రశ్న:
హైదరాబాద్‌లో సివిల్ ఇంజనీర్ ఉద్యోగం. కొత్త పన్ను విధానంలో కంపెనీ నా జీతంలో పన్నేమీ కోయడం లేదు. శని, ఆదివారాల్లో బిల్డర్లకు వేసిచ్చిన స్ట్రక్చరల్ డ్రాయింగ్‌లకు 2025-26లో 4 లక్షల బిల్లు అయింది. 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కోసే పన్ను) పట్టుకునే ఇచ్చారు. అంతటితో సరిపోయినట్టేనా?

జవాబు 1:
సరిపోదండీ, చాలామంది దెబ్బతినేది ఇక్కడే. 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోతే మీ జీతం సరిగ్గా 12 లక్షలు, అందుకే 87ఏ రిబేటుతో (12 లక్షల దాకా ఆదాయానికి పన్ను మాఫీ) పన్ను సున్నా. డ్రాయింగ్‌ల డబ్బు కలిస్తే ఆ రిబేటు మొత్తం పోతుంది. వృత్తి నిపుణులు వసూళ్లలో సగాన్ని ఆదాయంగా చూపే వీలున్న 44ఏడీఏ సెక్షన్ కింద 4 లక్షల్లో సగం చూపితే మొత్తం 14 లక్షలు. 4-8 లక్షల మధ్య 20 వేలు, 8-12 మధ్య 40 వేలు, పై 2 లక్షల మీద 15 శాతం లెక్కన 30 వేలు. పన్ను మీద వేసే సెస్‌తో 93,600. టీడీఎస్ 40 వేలు తీసేసినా 53,600 చేతినుంచి కట్టాలి, అంటే బిల్లులో 13.4 శాతం. డబ్బు పడిన రోజే 15 శాతం వేరే ఖాతాకి పంపేయండి. జీతం ఖాతాలోనే ఉంచితే ఈఎంఐల్లో కరిగిపోతుంది.

జవాబు 2:
లెక్క సరైనదే. 44ఏడీఏ వాళ్లకు అడ్వాన్స్ టాక్స్ (ఏడాది ముగియకముందే కట్టే పన్ను) నాలుగు వాయిదాల్లో కాదు, మార్చి 15లోగా ఒకేసారి. దాటితే నెలకు 1 శాతం వడ్డీ. పన్ను శాఖ సైట్‌లోని ఈ-పే టాక్స్‌లో అసెస్‌మెంట్ ఇయర్ (ఆదాయం వచ్చిన ఏడాదికి తర్వాతిది) 2026-27 ఎంచుకోండి. అలవాటుగా 2025-26 నొక్కితే డబ్బు పాత ఏడాదికి జమవుతుంది, మళ్లీ చలాన్ కరెక్షన్ తిప్పలు.
సగం చూపాక సాఫ్ట్‌వేర్, పెట్రోలు ఖర్చులు విడిగా తీసేయకూడదు. సగంకన్నా తక్కువ చూపాలంటే ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. జీఎస్టీకి పరిమితి 20 లక్షలు, అందులో జీతం లెక్కకు రాదు.

ప్రశ్న అడిగినవారు:
26ఏఎస్‌లో (నా పాన్ మీద జమైన టీడీఎస్ చూపే పన్ను శాఖ పట్టిక) 40 వేలకు 31 వేలే కనిపిస్తోందండీ.

జవాబు 3:
తేడా ఏ త్రైమాసికానిదో ముందు చూడండి. జనవరి-మార్చిదైతే బిల్డర్ టీడీఎస్ రిటర్న్ గడువు మే 31, అప్పటిదాకా కనిపించకపోవడం మామూలే. అంతకుముందుదైతే పాన్ నంబరు తప్పు పడి ఉండొచ్చు, లేదా కోసిన డబ్బు జమ చేసి ఉండకపోవచ్చు. బిల్డర్‌ని ఫారం 16ఏ (టీడీఎస్ సర్టిఫికెట్) అడగండి. బిల్లు కాపీ, టీడీఎస్ పోగా వచ్చిన మొత్తం కనిపించే బ్యాంకు స్టేట్‌మెంట్ దాచిపెట్టుకోండి. 26ఏఎస్ సరిపడేదాకా ఐటీఆర్-4 (మీరు వేయాల్సిన పన్ను రిటర్న్) వేయకండి.