రంజను ఆకారంలో దుకాణం కట్టవచ్చా?

ప్రశ్న (నార్కట్‌పల్లి):
మాది తరతరాలుగా కుమ్మరి పని చేస్తున్న కుటుంబం. 65వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న మా కొద్దిపాటి స్థలంలో కుండలు, కూజాలు, గురుగులు అమ్ముకునేందుకు ఒక గది వేయదలచాము. దానినే పెద్ద రంజనులా కడితే విజయవాడ దారిన పోయేవారు దూరం నుంచే గుర్తుపట్టి ఆగుతారనీ, పైగా రంజనులో నీళ్ల మాదిరిగా లోపల చల్లగా ఉంటుందనీ మా తమ్ముడి పట్టుదల. ఇటువంటి కట్టడాలు ఎక్కడైనా నిలిచాయా, మేస్త్రీకి ఏమని చెప్పాలి అన్నది తెలిసినవారు వివరించగలరని మనవి.

జవాబు (నల్లగొండ):
మీ తమ్ముడిగారికి ముందే ఈ ఆలోచన చేసినవారున్నారు. పింగాణి పరిశ్రమకు పేరుపడిన ప్రాంతంలో, అమెరికాలోని వెస్ట్ వర్జీనియా రాష్ట్రపు చెస్టర్ అనే ఊరిలో, 1938లో ఒక వ్యాపారి పానీయం ప్రకటనకు వాడిన పాత చెక్క పీపాను తెచ్చి, రేకు తొడిగి, పిడీ కొమ్మూ అతికించి, టీ కెటిల్‌గా మార్చి తన పింగాణి దుకాణం ముందు నిలిపాడు. దాని ఎత్తు 14 అడుగులే అయినా నేటికీ జనం ఆగి చూస్తున్నారు. వాషింగ్టన్ రాష్ట్రంలోని జిల్లాలో (అది ఊరి పేరే!) 1922లో కెటిల్ ఆకారంలో పెట్రోలు బంకు కట్టారు. చైనాలోని మెయితాన్‌లో కెటిల్ కట్టడం 73.8 మీటర్లు లేచింది. అంత దూరం ఎందుకు, హైదరాబాదు రాజేంద్రనగర్ దగ్గర మత్స్య అభివృద్ధి బోర్డు కార్యాలయం చేప ఆకారంలోనే ఉన్నది కదా.

జవాబు (మహబూబ్‌నగర్, కట్టడాల పనిలో ఉన్నాను):
ఆకారం సాధ్యమే, చల్లదనం మాత్రం రాదు. కాల్చిన మట్టి సన్నని రంధ్రాల గుండా నీరు ఊరి, పైన ఆవిరవుతూ లోపలి వేడిని తీసుకుపోతుంది కనుక రంజను చల్లగా ఉంటుంది. సిమెంటు రంజనుకు ఆ చెమట పట్టదు కాబట్టి మే నెల మధ్యాహ్నం అందులో మీరే కూర్చోలేరు. ఇనుప చువ్వలతో పంజరం అల్లి, కోడి జాలీ చుట్టి, రెండు వైపులా సిమెంటు మాలు పలుచగా పూసి, తడి గోనెసంచులు కప్పి ఆరనివ్వాలి. వంపే దానికి బలం. అయితే వాకిలి కోసం పొట్ట దగ్గర కోసిన చోట ఆ బలం తెగిపోతుంది గనుక చుట్టూ గట్టి చట్రం తప్పనిసరి. మెడను పూర్తిగా మూయకుండా మూతను జానెడు ఎత్తున నిలిపితే వేడిగాలి పైకి పోతుంది. గుండ్రటి గోడకు బీరువాలు ఆనవు, ఇది కూడా ఆలోచించండి. నా మాట వింటే సరుకుకు వెనక చదరపు గది వేసి, దాని స్లాబులో మీ కుండలనే బోర్లించి పోయించండి. లోపలి గాలి వేడిని కొంత ఆపుతుంది. రంజనును ముందు వాకిలిగా ఉంచండి.

జవాబు (దేవరకొండ):
మేస్త్రీకి నోటితో చెప్పవద్దు. అడుగుకు అంగుళం లెక్కన సారె మీద చిన్న రంజను తీసి, పచ్చిగా ఉండగానే దారంతో నిలువునా రెండు ముక్కలు చేసి ఇవ్వండి. భుజం ఎక్కడ తిరగాలో అందులోనే కనబడుతుంది. మేస్త్రీల చేతిలో కుండ భుజం ఎప్పుడూ పీపా అయిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. తమ్ముడు చదరపు గదికి ఒప్పుకున్నాడు కానీ, వాకిలి రంజనుకు అడుగున కుళాయి పెట్టి వేసవిలో చలివేంద్రం నడపాలంటున్నాడు. దాని లోపల నిజమైన మట్టి రంజన్లే ఉంచుతాము.