కాళ్ల రంగు చూసి కర్ర కందిరీగ జాతి చెప్పేయొచ్చా?

పీణ్య_చెక్కపని:
అందరికీ నమస్కారం. బెంగళూరు పీణ్యలో నాకు చిన్న వర్క్‌షాప్ ఉంది. బయటి దేశాల నుంచి మెషీన్లు వచ్చే పైన్ పెట్టెలు కొని టేబుళ్లు, అరలు చేస్తాం. మొన్న ఒక పలకను రంపానికి పెట్టబోతే పెన్సిల్ దూరేంత గుండ్రటి కన్నం కనిపించింది. పక్కనే మూడు సెంటీమీటర్ల కందిరీగ. ఒళ్లు నీలం కలిసిన నలుపు, కాళ్లు నారింజ, వెనక పొడుగాటి సూది. కుడుతుందేమోనని కుర్రాళ్లు దూరం జరిగారు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఒకాయన ‘సైరెక్స్ నోక్టిలియో, సందేహమే లేదు’ అన్నారు. అది పైన్ చెట్లను చంపే కర్ర కందిరీగ జాతి అట. ఇంకొకాయన ఫొటో చూసి అలా తేల్చకూడదన్నారు. ఎవరి మాట పట్టుకోవాలి? పురుగు సీసాలో ఉంది.

హెబ్బాళ_లెన్స్:
అన్నా, ముందు కుర్రాళ్ల టెన్షన్ తీర్చండి. ఆ సూది కుట్టడానికి కాదు, కర్రకు తూటు పొడిచి లోపల గుడ్డు పెట్టడానికి. అంటే మీ దగ్గరున్నది ఆడది. ఇక జాతి అంటారా, రంగు చూసి పేరు పెట్టడం తప్పని గట్టిగా చెప్తాను. ఉత్తర అమెరికాలో సైరెక్స్ నైగ్రికార్నిస్, సైరెక్స్ ఎడ్వర్డ్సియై అని చాలా కాలం రెండు జాతులుగా లెక్కపెట్టారు. రెండింటినీ విడదీసింది ఎక్కువగా రంగు తేడాయే. 2012లో వచ్చిన పెద్ద సమీక్షలో రెండూ ఒకటేనని కలిపేశారు. నోక్టిలియోనే చూడండి. ఆడదాని ఒళ్లంతా నీలి నలుపు, మగదానికి పొట్ట మధ్యలో నారింజ పట్టీ, వెనక కాళ్లు లావుగా నల్లగా. తెలియనివాళ్లు రెండు జాతులనుకుంటారు.

హార్బర్_బాబాయ్:
చెన్నై రేవులో కలప దిగుమతి పనిలో చాలా ఏళ్లు ఉన్నాను, బాబూ. వరసగా పెట్టెలు దిగుతుంటే ప్రతి పురుగునూ మైక్రోస్కోప్ కింద పెట్టే టైము ఎక్కడిది? నారింజ కాళ్లు, పాదాల కొసలు నలుపు, మీసాలు మొదలు నుంచి చివరిదాకా నలుపు. ఈ మూడూ కలిస్తే నోక్టిలియో అనుకునే కదలాలి. ఆస్ట్రేలియా ప్రధాన భూభాగంలో 1961లో, ఉరుగ్వేలో 1980లో, దక్షిణాఫ్రికాలో 1994లో బయటపడింది. ఇది గుడ్డుతోపాటు విషపు జిగురు, బూజు కూడా చెట్టులోకి ఎక్కిస్తుంది. పైన్ చెట్టు నిలువునా ఎండిపోతుంది. మన ఊటీ, కొడైకెనాల్ పైన్ తోటల సంగతి ఆలోచించు.

హెబ్బాళ_లెన్స్:
బాబాయ్ గారూ, అనుమానించడానికి రంగు చాలు, నేను కాదనను. పేరు రాసి సంతకం పెట్టడానికి చాలదు. 2004 సెప్టెంబర్‌లో న్యూయార్క్ రాష్ట్రంలో ఒక్క ఆడ పురుగు వలలో పడింది. దాన్ని దాచి ఉంచారు కాబట్టే 2005లో నోక్టిలియో అని తేలింది. ఫొటో తీసి పారేసి ఉంటే?

హార్బర్_బాబాయ్:
ఆ కథే నా వైపూ మాట్లాడుతుంది. దొరికింది సెప్టెంబర్, తేలింది మరుసటి ఏడాది. ఆ నెలలన్నీ పోయినట్టే కదా?

హెబ్బాళ_లెన్స్:
పోయాయి, ఒప్పుకుంటాను. అందుకే ఆకారం చూడటం అందరూ నేర్చుకోవాలంటాను. నడుము సన్నగా ఉంటే అది కర్ర కందిరీగే కాదు. వీటికి ఛాతీ, పొట్ట ఒకే లావున కలిసిపోతాయి. పొట్ట కొసన, సూదికి పైన, చిన్న కొమ్ములాంటి ముల్లు ఉంటుంది. సూది ఒళ్లంత పొడుగుంటే జెరిస్ అనే ఇంకో కర్ర కందిరీగల ప్రజాతి వైపు చూడాలి. మీసాలు పొట్టిగా ఉండి, పురుగు ఆకులు రాల్చే చెట్ల కర్రలోంచి వస్తే ట్రెమెక్స్ అనే మరో ప్రజాతి వైపు. దగ్గరి జాతుల్ని విడదీయాలంటే గుడ్లు పెట్టే సూది మీది చిన్న చిన్న గుంటల సైజు, వాటి మధ్య ఎడం చూస్తారు. అది ఫోన్ కెమెరాకు అందదు. అన్నా, లెన్స్ ఉంటే మీసాల మొదలు ఒక్కసారి ఎండలో చూడండి.

పీణ్య_చెక్కపని:
వాచీ రిపేరు చేసే మిత్రుడి దగ్గర లెన్స్ తెచ్చి మెట్ల మీద ఎండలో చూశాను. నడుము లేదు, కొమ్ము ఉంది, సూది ఒళ్లంత పొడుగు లేదు. ఫొటోలో మీసాలు మొత్తం నల్లగా ఉన్నాయి గానీ, నిజానికి మొదటి కొన్ని కణుపులు ఎర్రమట్టి రంగు. ఒకటి అడగాలి. ఈ లాటు కర్రతో చేసిన టేబుళ్లు రెండు అమ్మేశాను. వాటి గతేంటి?

హెబ్బాళ_లెన్స్:
చూశారా! మొదలు ఎర్రగా ఉండటం సైరెక్స్ జువెంకస్ గుర్తుగా రాస్తారు. అయినా జువెంకస్ అని కూడా నేను రాయను. సైరెక్స్ అనే ప్రజాతి దాకా మాత్రం నిలబడతాను. టేబుళ్ల లోపల ముందే పిల్లపురుగు ఉంటే ఏడాది రెండేళ్లకైనా కన్నం చేసుకుని బయటికి రావచ్చు. కానీ ఎండిన కర్రలో ఇవి మళ్లీ గుడ్లు పెట్టవు. పుప్పి పురుగులా ఇల్లంతా పాకదు.

హార్బర్_బాబాయ్:
మీసం రంగే కదయ్యా నీకు ఆ మాట చెప్పించింది!

హెబ్బాళ_లెన్స్:
అవును బాబాయ్. కానీ ఆ రంగు ఫొటోలో కనపడలేదు, చేతిలో పురుగు ఉంటేనే కనపడింది.

హార్బర్_బాబాయ్:
సరే, అక్కడ నీ మాటే ఖాయం. పేరు ఏదైనా కానీ, ఆ పలకలు మాత్రం కదపొద్దు. పలకల మీద కర్రకు చికిత్స చేసినట్టు ముద్ర ఉందేమో చూడు నాయనా. హెచ్‌టీ (హీట్ ట్రీట్‌మెంట్) అని ఉంటే కర్ర నడిబొడ్డున 56 డిగ్రీల వేడి 30 నిమిషాలు తగిలించినట్టు లెక్క. అంత వేడికి లోపలి పిల్లపురుగు బతకదు.

పీణ్య_చెక్కపని:
ముద్ర ఉంది బాబాయ్, సగం రంపం కోతలో పోయింది. కన్నం మాత్రం ముద్ర ఉన్న పలకలోనే. మిగతా లాటంతా టార్పాలిన్ కప్పి విడిగా పెట్టించాను. పురుగును స్పిరిట్‌లో వేసి, తేదీ, పెట్టె వచ్చిన దేశం రాసి అంటించాను. సోమవారం పొద్దున క్వారంటైన్ ఆఫీసుకు ఆ పలక ముక్కతో సహా తీసుకెళ్తున్నాను.