గిలాబు అయ్యి 19 రోజులే, పెయింటర్ రేపే లప్పం పెడతానంటున్నాడు. ఆపాలా?

హనుమకొండ_పిల్లోడు

హనుమకొండలో పాత ఇంటి మీద అమ్మానాన్నల కోసం ఇంకో అంతస్తు వేస్తున్నాం. లోపల గిలాబు (ప్లాస్టరింగ్) అయిపోయి ఇవాళ్టికి 19 రోజులు. మొదటి వారం పొద్దున, సాయంత్రం నాన్నే పైపు పట్టుకుని తడిపాడు. శ్రావణంలో గృహప్రవేశం, కార్డులు కూడా అచ్చయిపోయాయి, అందుకని పెయింటర్ రేపే లప్పం (పుట్టీ) మొదలుపెడతానంటున్నాడు. మేస్త్రేమో ఇంకా ఆగమంటున్నాడు. వాళ్లిద్దరికీ మొదటి నుంచీ పడదు, కాబట్టి ఇందులో పని గురించి చెప్పే మాట ఎంతో, పంతం ఎంతో నాకు అర్థం కావట్లేదు.

చూడ్డానికి గోడ ఆరినట్టే ఉంది. కానీ కింద జానెడు ఎత్తు వరకు రంగు కాస్త ముదురుగా కనిపిస్తోంది. కింద ఇంట్లో వేయించిన లప్పం బీరువా వెనక పొలుసులు పొలుసులుగా రాలుతోంది, మళ్లీ ఆ అనుభవం వద్దు. లప్పానికి ముందు ప్రైమర్ (రంగు పట్టడానికి ముందు కొట్టే అడుగు పూత) కొట్టాలా వద్దా అన్నది ఇంకో గొడవ. పైగా ఒక చిన్న గది నేనే సొంతంగా చేద్దామని ఆశ పడుతున్నా, నవ్వకండి. తెలిసినవాళ్లు చెప్పండి.

బ్రష్షే_బతుకు

తమ్ముడూ, నేనూ పెయింటర్‌నే, గుంటూరు వైపు. మీ పెయింటర్‌ది తొందర, మేస్త్రిది నిజం. సిమెంటు గోడకి 28 రోజులన్నా ఇవ్వాలి, అది కూడా ఎండాకాలం లెక్క. వానల్లో గాలిలోనే తడి ఉంటుంది, రోజులు లెక్కపెట్టుకుంటే సరిపోదు, గోడనే అడగాలి.

ఎలాగంటే, అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు ముక్క తీసుకుని నాలుగు పక్కలా టేపుతో గాలి పోకుండా గోడకి అంటించు. ప్రతి గదిలో ఒకటి పైన, ఒకటి కింద. మర్నాడు అదే వేళకి తీసి చూడు. లోపల చెమ్మ బిందువులు కనపడినా, కవరు కింద గోడ నల్లబడినా ఆ గోడ ఇంకా తయారవలేదు. నువ్వు చెప్పిన కింది జానెడు ముదురు రంగు అదే, తడిపిన నీళ్లు జారి అక్కడే నిలుస్తాయి. దాని మీద లప్పం పెడితే ఆ నీరు బయటికి రావాలని చూస్తుంది, వచ్చేటప్పుడు ఉప్పు తెస్తుంది, లప్పాన్ని తోసేస్తుంది. కింద ఇంట్లో రాలేది కూడా ఇదే అయ్యుండొచ్చు. బీరువా జరిపి ఆ గోడకి నెమ్ము ఎక్కడ నుంచి వస్తోందో చూసుకో.

ఆరేలోపు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. అరచేత్తో గోడని రుద్ది చూడు, ఇసుక రాలితే ఆ రాలేదంతా పోవాలి. నేనైతే పాత టైల్ ముక్కతో గోడంతా ఒకసారి గీకి, గట్టి బ్రష్‌తో దులిపి, తర్వాత తడిగుడ్డ పెడతాను. కుర్రాళ్లు ఈ పని ఎగ్గొడతారు, ఎందుకంటే దీనికి ఎవరూ డబ్బులివ్వరు, ఫొటోలో కనపడదు. లప్పం పట్టేది గోడని కాదు, ఆ పైనున్న ఇసుకని, ఇసుక ఊడితే లప్పమూ దాంతోనే వస్తుంది.

సైట్‌లోనే_ఉంటా

సివిల్ ఇంజనీర్‌ని. పైన అన్న చెప్పిందానికి రెండు కలుపుతా.

ప్రైమర్ సంగతి. వైట్ సిమెంట్ పుట్టీ అయితే కింద ప్రైమర్ అక్కర్లేదు. అది సిమెంటు జాతి, గోడని కొద్దిగా తడిపి పెడితే పట్టుకుంటుంది. ప్రైమర్ కొట్టి ఆ రంధ్రాలు మూసేస్తే దానికి పట్టు తగ్గుతుంది. లప్పం రెండు కోట్లూ అయ్యి, ఎమ్రీ పేపర్ కొట్టి (రుద్ది నున్నగా చేసి), దుమ్ము దులిపాక అప్పుడు ప్రైమర్. అక్రిలిక్ పుట్టీ డబ్బాలో ముద్దగా వస్తుంది, దానికైతే ముందే ప్రైమర్ కావాలి. మీ పెయింటర్ ఏది తెస్తున్నాడో అడగండి, గొడవ సగం అక్కడే తేలిపోతుంది. గోడ తడపడం అంటే పైపు పెట్టడం కాదు, బ్రష్‌తో నీళ్లు చల్లి తేమగా చేయడం. నీళ్లు కారుతున్న గోడ మీద లప్పం జారుతుంది.

రెండోది మందం. రెండు కోట్లూ కలిపి ఒకటిన్నర మిల్లీమీటరు దాటకూడదు. గోడ వంకర లప్పంతో పోతుందని మేస్త్రి అన్నాడంటే నమ్మకండి. ఆరడుగుల అల్యూమినియం బద్ద గోడకి ఆనించి పక్క నుంచి చూడండి, కింద ఖాళీలో రూపాయి బిళ్ల దూరిందంటే అది లప్పం పని కాదు, మేస్త్రి చేతే సరిచేయించండి. ఆ గొడవ ఇప్పుడే పెట్టుకోవాలి, మేస్త్రి డబ్బులు తీసుకుని వెళ్లకముందు.

పిల్లర్‌కి, ఇటుక గోడకి మధ్య సన్నగా పగుళ్లు ఉన్నాయా? అక్కడ గిలాబులో చికెన్ మెష్ (సన్న ఇనుప వల) వేయకపోతే వస్తాయి. ఊరికే లప్పం పూసేస్తే కొన్నాళ్లకి మళ్లీ అదే గీత కనిపిస్తుంది. బ్లేడుతో పగులుని వి ఆకారంలో తెరిచి, దులిపి, క్రాక్ ఫిల్లర్ నింపి, పైన ఫైబర్ టేపు వేసి, ఆ తర్వాతే లప్పం.

హనుమకొండ_పిల్లోడు

కవర్లు అంటించా. ఆరు చోట్ల. టేపు గోడకి అంటుకోవట్లేదు, తీస్తే ఇసుకతో సహా వస్తోంది, అన్న చెప్పింది అర్థమైంది :) ఒక గది నేను చేయడం గురించి ఎవరూ ఏమీ అనలేదు, వద్దనేనా?

తెల్లచేతుల_అమ్మాయి

వద్దని ఎందుకు, చెయ్యి. నేను మా ఇంట్లో పూజ గది, స్టోర్ రూం చేసుకున్నా. మొదటిది స్టోర్ రూమే చెయ్యి, ఎవరూ చూడరు.

ఒకేసారి ఎక్కువ కలపకు. కేజీ పొడికి సుమారు 350 నుంచి 400 మిల్లీలీటర్ల నీళ్లు పడతాయి, బస్తా మీద ఏం రాశారో అదే లెక్క. ముందు కొంచెం నీళ్లతో గట్టి ముద్దలా కలుపుకుని తర్వాత పల్చన చేసుకుంటే ఉండలు కట్టదు. కలిపాక మూడు గంటల్లోపు అయిపోవాలి, గట్టిపడ్డాక మళ్లీ నీళ్లు పోసి వాడకు, అది రాలిపోయేదే. నేను చేసిన పెద్ద తప్పు బకెట్ కడగకపోవడం. అంచుకి ఎండిన లప్పం పెచ్చు ఒకటి కొత్తదాంట్లో పడింది, బ్లేడు లాగిన ప్రతిసారీ గోడ మీద ఒకటే గీత. బ్లేడు వంగిందేమో అనుకుని రెండు బ్లేడులు మార్చా, చివరికి ఆవగింజంత పెచ్చు బయటపడింది.

మొదటి కోటు కింద నుంచి పైకి లాగాలి, అప్పుడు కింద రాలేది తక్కువ. బ్లేడు మరీ నిలువుగా పడితే గోడ గీక్కుపోతుంది, మరీ పడుకోబెడితే మందంగా మిగులుతుంది. ఈ వానల్లో మొదటి కోటుకి రాత్రంతా ఇవ్వు. రెండోది అడ్డంగా లాగితే మొదటి కోటు చారలు మూసుకుపోతాయి. రెండోది పూర్తిగా ఆరాక సన్న ఎమ్రీ పేపర్.

ఇక దుమ్ము. నాకు ఇక్కడే కోపం వస్తుంది, మా ఇంటికి వచ్చిన కుర్రాడు తుండు కట్టుకుని రోజంతా పేపర్ కొట్టాడు, సాయంత్రానికి కనుబొమ్మలు తెల్లగా, ఒకటే దగ్గు. ఆ సన్నని పొడి తుండులోంచి వెళ్లిపోతుంది. ఎన్-95 మాస్క్, ముక్కు దగ్గర నొక్కి పెట్టుకోవాలి, కళ్లద్దాలు కూడా. కిటికీలు తెరువు, గది తలుపు మూసి కింద తడి గోనె వెయ్యి, అయ్యాక చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడువు. మీ నాన్నగారిని ఆ పూట కింద ఇంట్లోనే ఉండమను. మీ పెయింటర్‌కి కూడా మాస్కులు నువ్వే కొనివ్వు.

చేతులకి గ్లవ్స్ వేసుకో, అందులో సిమెంటు ఉంది, తడిది చర్మాన్ని తినేస్తుంది. కంట్లో పడితే నలపకు, పావుగంట పైనే పారే నీళ్లతో కడిగి కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్లు.

బ్రష్షే_బతుకు

చెల్లెమ్మ బాగా చెప్పింది, మాస్క్ విషయంలో మా వాళ్లందరి తరఫునా తిట్టు తింటాను. నేనూ చాలా ఏళ్లు తుండుతోనే గడిపా.

కరెంటు సంగతి ఎవరూ రాయలేదు. గోడ తడిపే ముందు ఆ గది ఎంసీబీ (కరెంటు బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే మీట) దించు, తెరిచి ఉన్న స్విచ్ బాక్సులకి టేపు వెయ్యి. ఫ్యాన్ బిగించి ఉంటే అది కూడా అక్కడే ఆపు, స్విచ్ దగ్గర కాదు. పైన ఎక్కి సీలింగ్‌కి లప్పం పెడుతుంటే ఉక్కగా ఉందని ఎవరో వచ్చి ఫ్యాన్ వేయడం నేను చూశా, ఆ కుర్రాడి చెవి మీద ఆరు కుట్లు. ఎక్కడానికి గుర్రం బల్ల వాడు, రెండు డ్రమ్ముల మీద చెక్క వేసి నిలబడకు.

ఇంకోటి, బకెట్ బాత్రూంలో కడగొద్దు. లప్పం ట్రాప్‌లో (నీళ్లు పోయే గొట్టం వంపులో) కూర్చుని గట్టిపడితే గృహప్రవేశం నాడు ప్లంబర్ కోసం వెతుక్కోవాలి. మిగిలింది ఖాళీ బస్తాలోకి గీకేసి, కడిగిన నీళ్లు బయట మట్టిలో పొయ్యి, తులసి కోట పక్కన మాత్రం కాదు.

పని చూసుకోవడం రాత్రి చూసుకో. లైట్లన్నీ ఆపి టార్చ్‌ని గోడకి దాదాపు ఆనించి పక్కకి కొట్టు. పగలు అద్దంలా కనిపించిన గోడ మీద గుంటలు, చారలు అన్నీ లేస్తాయి. కనిపించిన చోటల్లా పెన్సిల్‌తో సున్నా చుట్టి పొద్దున పెయింటర్‌కి చూపించు. రంగు పడ్డాక చూపిస్తే ఎవడూ వినడు.

హనుమకొండ_పిల్లోడు

అప్‌డేట్. మూడు రోజుల తర్వాత తీశా. నాలుగు కవర్లు పొడిగా ఉన్నాయి, ఒకటి కింద కొంచెం చెమ్మ. ఆరోది, పడమటి గదిలో బాత్రూం వెనక గోడ మీద పెట్టింది, లోపల నీళ్లు ధారలే. అక్కడ గోడ పైన మాత్రం పొడిగానే కనిపిస్తోంది, చిత్రం.

సైట్‌లోనే_ఉంటా

చిత్రం ఏం లేదు, ఆ గోడలో పైపు ఉంది. టైల్స్ వేయకముందే ప్లంబర్‌ని పిలిచి ప్రెషర్ టెస్ట్ (పైపులో ఒత్తిడి పెట్టి లీకు ఉందేమో చూడటం) చేయించండి. ఆగితే ఆరిపోతుందిలే అనుకుని లప్పం పెట్టకండి.

హనుమకొండ_పిల్లోడు

మీరన్నదే. వేడినీళ్ల లైన్ ఎల్బో (పైపు మలుపు ముక్క) దగ్గర చుక్క చుక్క కారుతోంది. ఇవాళ గోడ పగలగొట్టి మార్చాడు. అక్కడ మళ్లీ గిలాబు, మళ్లీ తడపడం, అది ముహూర్తానికి ఆరదు. మిగతా గదులు వచ్చే వారం నుంచి, పెయింటర్ మొహం ముడుచుకునే ఒప్పుకున్నాడు, మాస్కులిస్తే మాత్రం నవ్వాడు. ఆ ఒక్క గోడకి అమ్మ పట్టుచీర అడ్డం కడదామంటోంది.

బ్రష్షే_బతుకు

కట్టండి, చీర మాత్రం గోడకి ఆనకుండా కట్టు, గాలి ఆడాలి. దీపావళి ముందు కవరు పెట్టి మళ్లీ చూడు.