కార్బన్ ప్లేట్ బూట్లు, జెల్స్: నాలుగున్నర గంటల రన్నర్‌కి పనికొస్తాయా?

నమస్తే అండీ. మాది అనంతపురం, ఉండేది బెంగళూరు మారతహళ్లిలో. ఆదివారాలు కబ్బన్ పార్కులో లాంగ్ రన్. జనవరిలో చెన్నైలో రెండో ఫుల్ మారథాన్ చేయాలని ఉంది. మొదటిదానికి నాలుగున్నర గంటలు పట్టింది.

2023లో షికాగో మారథాన్‌ని కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టుమ్ కార్బన్ ప్లేట్ బూట్లతో 2 గంటల 35 సెకన్లలో, అప్పటి ప్రపంచ రికార్డుతో పూర్తిచేసినప్పటి నుంచీ మా రన్నింగ్ గ్రూపులో ఆ బూట్ల (సోల్ లోపల గట్టి కార్బన్ ఫైబర్ పలక ఉండేవి) గురించే చర్చ. సోల్ మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని అంతర్జాతీయ అథ్లెటిక్స్ సంస్థ వరల్డ్ అథ్లెటిక్స్ నియమం పెట్టాల్సి వచ్చిందంటేనే వాటి సత్తా తెలుస్తోంది. కానీ కిలోమీటరుకి ఆరున్నర నిమిషాలు తీసుకునే నాకు ఏమైనా కలిసొస్తుందా? ధర చూస్తే ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

అసలు బాధ కడుపుతోనే. ఎలీట్ రన్నర్లు గంటకి 90 గ్రాముల కార్బోహైడ్రేట్ దాకా తీసుకుంటారు. గ్లూకోజ్, ఫ్రక్టోజ్ పేగుల్లో వేర్వేరు దారుల్లో ఒంట్లోకి చేరతాయి కాబట్టి రెండూ కలిపి వాడతారు. అది చదివి నేనూ మొదటి మారథాన్‌లో గంటకి రెండు జెల్స్ (పరుగులో శక్తి కోసం మింగే చక్కెర పాకం ప్యాకెట్లు) వేసుకున్నాను. ముప్పయ్యో కిలోమీటరు దగ్గర కడుపు తిప్పేసి పక్కన కూర్చోబెట్టింది. రాగి సంకటితో పెరిగిన కడుపు మరి!

పేగులకి అలవాటు చేయడానికి మీరు ఎన్ని వారాల ముందు, ఎన్ని గ్రాములతో మొదలుపెట్టారు? జెల్ బదులు ఖర్జూరమో, బెల్లం నీళ్లో వాడినవాళ్లున్నారా? చెన్నై ఉక్కపోతలో ఉప్పు ఎంత తీసుకోవాలో కూడా చెప్పండి.