ట్రైలర్‌లో ఏడిపించి గేమ్‌లో బాదించారు: తప్పు మ్యూజిక్‌దేనా?

పాలమూరు గేమర్: 2011 నాటి వీడియో గేమ్ డెడ్ ఐలాండ్ ట్రైలర్ మళ్లీ చూశాను. చిన్న పాప చావు, దృశ్యాలు చాలావరకు వెనక్కి నడుస్తుంటాయి, వెనకాల మెల్లగా పియానో. గొంతు పట్టేసింది. ఆ ఊపులోనే అప్పట్లో గేమ్ కొన్నాను. ఆడితే తెడ్డు పట్టుకుని జాంబీలను, అంటే లేచి తిరిగే శవాలను, బాదుడే బాదుడు. ఇది మోసం కాదా?

దేవరకొండ ఎడిటర్: మోసం కాదు తమ్మీ, పనితనం. 2006 గేర్స్ ఆఫ్ వార్ ప్రకటన చూడు. తుపాకుల గేమ్‌కు 'మ్యాడ్ వరల్డ్' పాట పెట్టారు. 1982లో టియర్స్ ఫర్ ఫియర్స్ బ్యాండ్ చేసినప్పుడు అది సింథ్‌లతో, అంటే ఎలక్ట్రానిక్ కీబోర్డులతో, హుషారుగా సాగే పాట. ప్రకటనలో వాడింది గ్యారీ జూల్స్ నెమ్మదిగా పాడింది. మాటలు అవే. కూలిన ఊళ్లో ఆ సైనికుడు ఒంటరివాడని చెప్పింది ఆ నెమ్మదే.

గద్వాల చిన్నోడు: డెడ్ ఐలాండ్‌లో ఏడుపొచ్చేది వెనక్కి నడిపినందుకు, పియానోకు కాదు. మ్యూట్‌లో చూడండి.

పాలమూరు గేమర్: చూశాను. నవ్వొచ్చింది.

గద్వాల చిన్నోడు: సరిగ్గా చూడలేదు నువ్వు.

మిర్యాలగూడ డప్పు: మ్యూట్ సంగతి పక్కన పెట్టండి. మా డప్పు ఒకటే. మంట దగ్గర కాచి, తోలు బిగిశాక బరాత్ ముందు ఒక దరువు, పాడె ముందు ఇంకో దరువు. మంచం దిగని ముసలమ్మ కూడా వినే చెప్తది, పెండ్లా చావా అని.

దేవరకొండ ఎడిటర్: డప్పు వేరన్నా. ట్రైలర్ ఉన్నదే అమ్మడానికి.

పాలమూరు గేమర్: నేను మొత్తుకునేదీ అదే! అందులో గేమ్‌ప్లే, అంటే మనం నిజంగా ఆడే ఆట, ఒక్క ముక్క లేదు.

దేవరకొండ ఎడిటర్: బీట్‌కు షాట్ కోస్తూ తెల్లవార్లూ కూర్చుంటే తెలుస్తుంది. పైసలు పోయాయని నీ ఏడుపు.

పాలమూరు గేమర్: పోయాయి మరి! మా నాన్న వడ్లమ్మిన పైసలు.

మిర్యాలగూడ డప్పు: నా పైసలు పోలే, పరువు పోయింది. నిరుడు ఒక పిల్లగాడు చిన్న మొబైల్ గేమ్ ట్రైలర్ కోసమని నాలుగు గంటలు కొట్టించుకున్నడు. అన్ని దరువులూ కొట్టిన. చివరికి వాడింది 12 సెకన్లు, అదీ చావు దరువు, హీరో గెలిచే చోట! "గెలిచినోనికి పాడె కట్టినవేందే" అని మా వాడకట్టంతా నవ్విన్రు. అడిగితే, "జనాలకు తేడా తెల్వదన్నా, ఎనర్జీ ఉంటే చాలు" అన్నడు.

దేవరకొండ ఎడిటర్: నిజం చెప్పాలంటే, నాకూ తెల్వదన్నా.

మిర్యాలగూడ డప్పు: తెల్వకుంటే అడగాలె. నేను అక్కడనే ఉన్న, డప్పు కాచుకుంట.

గద్వాల చిన్నోడు: మ్యూట్‌లో చూస్తే ఈ గొడవే లేదు.