ఆఫ్రికా పలికింది, మరి రెండోది?

పాతరీలు:
1930లో కొలంబియా సినిమా కంపెనీ వాళ్ళ యాత్రాచిత్రం ‘ఆఫ్రికా స్పీక్స్’ వచ్చింది. ఆ బాపతు సినిమాల్ని వెక్కిరిస్తూ 1940లో బాబ్ క్లాంపెట్ తీసిన నలుపు తెలుపు కార్టూన్ ‘ఆఫ్రికా స్క్వీక్స్’, అంటే కీచుమంటోందని. పోర్కీ పంది సఫారీకి వెళ్తాడే, అదే. మా తెలుగు మాస్టారు ఈ రెండు పేర్లూ తెనిగించి చెప్పేవారు. మొదటిది ‘ఆఫ్రికా పలికింది’. రెండోదానికి ఒక్క అక్షరమే తేడా. ‘లికింది’ వరకూ నోటికొస్తోంది, ముందు అక్షరం రావట్లేదు. వారం నుంచి ఇదే గొడవ.

గోదారిగట్టు:
ఉలికింది. ఉలుకూ పలుకూ జంటే కదా! ఇంక చర్చెందుకు?

కందగడ్డ:
అంత తేలిగ్గా తేలదండీ. ఇంగ్లీషు పేర్లలో ‘ప’ పోయి ‘క్వ’ వచ్చింది. ఆ లెక్కన ఇక్కడ ‘కులికింది’ అవ్వాలి.

గోదారిగట్టు:
ఎలుక కులుకుతుందా?

ఓరుగల్లుపిల్ల:
ఎలుకైతే కిచకిచ, చెప్పైతే కిర్రు. అన్నట్టు అదే పేరుతో అంతకు ముందే అబ్ ఐవర్క్స్ తీసిన ఫ్లిప్ కప్ప కార్టూన్ ఉన్నది. కప్పకైతే బెకబెక. మీ సార్ చెప్పింది ఏ కార్టూన్ గురించో ముందు అడగాలె.

పాతరీలు:
పోర్కీదేనమ్మా. ఆఫ్రికాలో లివింగ్‌స్టన్‌ని వెతుక్కుంటూ వెళ్ళిన విలేకరి స్టాన్లీ ఎదురై ‘డాక్టర్ లివింగ్‌స్టన్ కాబోలు’ అంటాడు, అది.

అరసున్న:
కాఁబోలు. అరసున్న మింగేస్తే ఎలా? కాన్ + పోలు.

ఓరుగల్లుపిల్ల:
మా దిక్కు ‘కావచ్చు’ అంటం. అరసున్న బాధే లేదు. 1871లో లివింగ్‌స్టన్ దొరికిన ఉజీజీలో ఆ మాట నిజంగ అన్నడో లేదో కూడా అనుమానమే, స్టాన్లీ డైరీల ఆ పేజీలే చింపి ఉన్నయి. ఇంకోటి, ఆ కార్టూన్ల నల్లవాళ్ళను గీసిన తీరు ఇప్పుడు చూస్తే నవ్వు రాదు.

కందగడ్డ:
అది నిజం. సరే, ‘పలికింది’ని పట్టుకుని ఆడుకోవాలంటే పోతన తర్వాతే ఎవరైనా. ‘పలికెడిది భాగవతమఁట, పలికించెడి విభుండు రామభద్రుండఁట’...

అరసున్న:
‘విభుండు’ అంటే కందం కుంటుతుంది. ‘చెడివిభుం’ అయిదు మాత్రలు. విభుఁడు అనండి. మళ్ళీ అరసున్నే కాపాడింది, చూశారా?

గోదారిగట్టు:
మా నాన్నగారు ‘పలికించెడివాఁడు’ అని చదివేవారు.

కందగడ్డ:
నా వేలే జారింది, ఒప్పుకుంటాను. ‘వాఁడు’ అన్నా కుదురుతుంది. ‘చెడివా’ సగణం, ‘డురామ’ జగణం, ఆరో గణం నియమం చెడలేదు. ప, భ యతి ఎటూ ఉంది. కానీ రాముణ్ణి ‘వాడు’ అనడమేమిటని ఎవరో సర్దినట్టు నా అనుమానం.

ఓరుగల్లుపిల్ల:
మా బమ్మెర పోతన్న రాముణ్ణి ‘వాడు’ అనగలడు. అంత చనువు ఉన్నది.

గోదారిగట్టు:
‘మా’ అనకండి, పోతన మావాడంటూ ఒంటిమిట్ట వాళ్ళు లేస్తారు.

పాతరీలు:
అయ్యా, ఇంతకీ నా అక్షరం?

అరసున్న:
ఉండండి. ఆ పోతన పద్యం నాలుగో పాదం చివర ‘నేల’ కాదు, ‘నేలా’. కందంలో అక్కడ గురువు పడాలి. అదెవరూ పట్టించుకోలేదు.